గట్టిదనం రేణువులో, బలం అతుకులో

గంజాం జిల్లా దక్షిణపు కొసన, బాహుదా నది సముద్రంలో కలిసే చోట సోనేపూర్ ఉంది. కాస్త దూరం వెళితే ఇచ్ఛాపురం, అంటే ఆంధ్రప్రదేశ్. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ నేలంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. బరంపురం బజారులోనూ, ఈ తీరంలోని చేపలవాళ్ల పల్లెల్లోనూ తెలుగు ఇప్పటికీ వినబడుతుంది.

గంజాం తీరంలో చాలాచోట్ల ఇసుక మీద నల్లటి, ఎర్రటి చారలు కనబడతాయి. అలలు తేలిక రేణువులను వెనక్కి లాక్కుపోతాయి. బరువైనవి మిగిలి చారలుగా పరుచుకుంటాయి. నల్లవి ఎక్కువగా ఇల్మనైట్. ఎర్రవి గార్నెట్. చూడగానే పోల్చుకోలేని లేత రంగు ఖనిజాలు మరో రెండున్నాయి. అవి జిర్కాన్, సిల్లిమనైట్.

ఈ రేణువులు గట్టివి. జిర్కాన్ గాజును గీస్తుంది. గార్నెట్ పొడిని సానపట్టడానికి వాడతారు. అయినా గుప్పెడు ఇసుకను ఎంత బిగించి పట్టినా, చెయ్యి తెరిస్తే జారిపోతుంది. రేణువు గట్టిదైనంత మాత్రాన వస్తువు గట్టిది కాదు. రేణువుకూ రేణువుకూ మధ్య అతుకు పడాలి. ఆ అతుకు వేసే పనినే సింటరింగ్ (పొడిని పూర్తిగా కరిగించకుండా ఒకే ఘనపదార్థంగా కలిపే ప్రక్రియ) అంటారు. దీన్ని వేడితో చేస్తారు. పేలుడు దెబ్బతోనూ చేస్తారు. రెండూ కలిపీ చేస్తారు. ఏ దారి దేనికి పనికొస్తుందో తెలిస్తే, ఈ తీరపు ఇసుకతో ఏం చేయవచ్చో, ఏం చేయలేమో తేలిగ్గా బోధపడుతుంది.

ఇసుక ఎక్కడిది?

తూర్పు కనుమల్లో ఖొండలైట్ అనే రాయి విస్తారంగా ఉంది. విశాఖపట్నం చుట్టూ ఉన్న కొండలు చాలావరకు ఆ రాయే. గార్నెట్, సిల్లిమనైట్ ఆ రాతిలో భాగం. పక్కనే ఉన్న ఇతర రాళ్ల నుంచి జిర్కాన్, ఇల్మనైట్ వస్తాయి. ఎండకూ వానకూ రాయి చివికిపోతుంది. బాహుదా, ఋషికుల్య లాంటి నదులు ఆ రేణువులను కడలికి చేరుస్తాయి. అక్కడ అలలు వాటిని బరువును బట్టి వేరు చేస్తాయి. మామూలు తెల్ల ఇసుక నీటి కంటే 2.65 రెట్లు బరువు. సిల్లిమనైట్ సుమారు 3.2 రెట్లు. గార్నెట్ సుమారు 4 రెట్లు. జిర్కాన్, ఇల్మనైట్ సుమారు 4.7 రెట్లు.

అలలు సగంలో వదిలేసిన ఈ పనిని ఛత్రపురంలో యంత్రాలు పూర్తి చేస్తాయి. బరంపురానికి ఈశాన్యంగా ఉన్న ఈ ఊళ్లో ఐఆర్‌ఈఎల్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ 1980ల నుంచి ఖనిజ ఇసుక కర్మాగారం నడుపుతోంది. ముందుగా ఇసుకను నీటితో కలిపి మెలికలు తిరిగిన తొట్లలోకి వదులుతారు. బరువైన రేణువులు లోపలి అంచుకు చేరతాయి. తరువాత అయస్కాంతాలు ఇల్మనైట్‌నూ గార్నెట్‌నూ లాగేస్తాయి. మిగిలిన వాటిలో విద్యుత్తు ప్రవహించేవి ఏవో, ప్రవహించనివి ఏవో చూసి మళ్లీ విడగొడతారు. చివరికి ఒక్కో ఖనిజం ఒక్కో గుట్ట అవుతుంది.

జిర్కాన్, సిల్లిమనైట్ ఎక్కువగా ఇసుక రూపంలోనే బయటికి వెళతాయి. జిర్కాన్ కొంత టైళ్లకు తెల్లటి మెరుపునిచ్చే పొడి అవుతుంది. కొంత లోహపు పోతల అచ్చుల్లోకి పోతుంది. హైదరాబాద్‌లో 1971లో స్థాపించిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో జిర్కాన్ నుంచి జిర్కోనియం లోహం తీసి, అణు రియాక్టర్ల ఇంధనపు గొట్టాలు చేస్తారు. గట్టి సెరామిక్ (లోహం కాని ఖనిజాలను కాల్చి చేసిన పదార్థం) చేయడం మరో దారి.

కరిగించి పోయవచ్చు కదా?

ఇనుమును కరిగించి అచ్చులో పోస్తాం. జిర్కాన్‌ను అలా ఎందుకు పోయకూడదు? మొదటి ఇబ్బంది వేడి. జిర్కాన్ నుంచి వచ్చే జిర్కోనియా (జిర్కోనియం, ఆక్సిజన్ కలిసిన పదార్థం) కరగాలంటే సుమారు 2,700 డిగ్రీలు కావాలి. అల్యూమినా (అల్యూమినియం, ఆక్సిజన్ కలిసినది) సుమారు 2,050 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంత వేడి ద్రవాన్ని పట్టి ఉంచే మూస దొరకడమే కష్టం. రెండో ఇబ్బంది చల్లారేటప్పుడు వస్తుంది. స్ఫటికాలు పెద్దవిగా పెరుగుతాయి. లోపలి భాగం, బయటి భాగం ఒకే తీరున కుంచించుకోవు. పగుళ్లు పడతాయి. గాజు కొలుముల్లో పెట్టే కొన్ని పెద్ద దిమ్మెలను కరిగించే పోస్తారు. సన్నటి, కచ్చితమైన కొలతలున్న, దెబ్బకు ఓర్చే భాగాలకు మాత్రం ఆ పద్ధతి నప్పదు. అందుకే పొడి నుంచి మొదలుపెడతారు.

వేడి చేసే పని

తామరాకు మీద రెండు నీటిబొట్లు తాకగానే ఒకటైపోతాయి. రెండు బొట్ల ఉపరితలం కంటే ఒక పెద్ద బొట్టు ఉపరితలం తక్కువ. ప్రకృతి అటే మొగ్గుతుంది. ఘన రేణువులకూ ఇదే మొగ్గు ఉంది. కాకపోతే వాటిలోని అణువులు మామూలు వేడిలో కదలలేవు. కొలిమిలో పెడితే కదులుతాయి.

ఉపరితలం ఎంత ఎక్కువుంటే ఈ మొగ్గు అంత బలంగా ఉంటుంది. అందుకే ముందుగా ఇసుకను మెత్తగా నూరాలి. తీరపు ఇసుక రేణువు అడ్డుకొలత 150 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) అనుకుందాం. దాన్ని ఒక్కో మైక్రాన్ తునకలుగా నూరితే సుమారు 34 లక్షల తునకలవుతాయి. అంత మెత్తటి అల్యూమినా పొడి కిలో తీసుకుంటే, దాని మొత్తం ఉపరితలం సుమారు 1,500 చదరపు మీటర్లు. కొలిమిలో జరిగే మార్పుకు కావలసిన తోపు ఈ ఉపరితలం నుంచే వస్తుంది.

నూరిన పొడిని అచ్చులో నొక్కి పలక చేస్తారు. ఈ పచ్చి పలకలో దాదాపు నలభై శాతం సందులే. కొలిమిలో వేడి ఎక్కే కొద్దీ రేణువులు తాకే చోట చిన్న మెడలాంటి వంతెన పెరుగుతుంది. వంతెనలు లావవుతాయి. వాటి మధ్య సందులు చిక్కిపోతాయి. చివరికి రెండు శాతం సందులు మిగిలాయనుకుంటే, పది సెంటీమీటర్ల పలక సుమారు 8.5 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. అచ్చు చేసేవాడు ఈ కుదింపును ముందే లెక్కగట్టి పెద్ద అచ్చు చేయాలి. ఒక పక్క పొడి గట్టిగా, ఒక పక్క వదులుగా నొక్కితే పలక వంకర పోతుంది.

హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఈ పని పెద్ద ఎత్తున సాగుతుంది. అక్కడ యురేనియం ఆక్సైడ్ పొడిని చిన్న బిళ్లలుగా నొక్కి, హైడ్రోజన్ వాయువులో సుమారు 1,700 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఆ బిళ్లలే రియాక్టర్ ఇంధనం.

వేడితో ఒక చిక్కుంది. సందులు మూసే కదలికే రేణువులను పెంచుతుంది కూడా. చిన్న రేణువులను పెద్దవి మింగేస్తాయి. రేణువు పెద్దదైతే పలకలో పగులు సులువుగా సాగుతుంది. కొలిమిని తొందరగా ఆపితే సందులు మిగులుతాయి. ఆలస్యంగా ఆపితే రేణువులు పెరుగుతాయి. ఈ రెంటి మధ్య సరైన క్షణం పట్టుకోవడమే సెరామిక్ పనితనం.

రెండు ఖనిజాలు, ఒక కొలిమి

ఇప్పుడు జిర్కాన్ దగ్గరికి వద్దాం. జిర్కాన్ అంటే జిర్కోనియా, సిలికా రసాయనికంగా కలిసి ఉన్న ఖనిజం. దీన్ని అల్యూమినాతో కలిపి కాలిస్తే జంట విడిపోతుంది. సిలికా వెళ్లి అల్యూమినాతో కలుస్తుంది. ముల్లైట్ అనే కొత్త పదార్థం పుడుతుంది. జిర్కోనియా చిన్న చిన్న రేణువులుగా ఆ ముల్లైట్‌లో చెదురుమదురుగా ఉండిపోతుంది. ఇలా రెండు పదార్థాలు వేరువేరుగా ఉంటూనే ఒకే ముద్దగా పనిచేసేదాన్ని కాంపోజిట్ (మిశ్రమ పదార్థం) అంటారు. రసాయన చర్యా, అతుకూ ఒకే కొలిమిలో జరుగుతాయి కాబట్టి ఈ పద్ధతిని రియాక్షన్ సింటరింగ్ అంటారు.

లెక్క సులువైనదే. బరువులో సుమారు 55 పాళ్లు జిర్కాన్, 45 పాళ్లు అల్యూమినా తీసుకోవాలి. చర్య పూర్తయితే బరువులో సుమారు 37 శాతం జిర్కోనియా, మిగతాది ముల్లైట్ వస్తుంది.

మెలకువ అంతా వరుసలో ఉంది. చర్య ముందే మొదలైతే సందులు మూసుకోవు. పుట్టే ముల్లైట్ రేణువుల కదలికకు అడ్డుపడుతుంది. అందుకని సుమారు 1,400 డిగ్రీల దగ్గర పలకను కొంతసేపు నిలిపి సందులు చాలావరకు మూయనిస్తారు. తరువాత 1,550 నుంచి 1,600 డిగ్రీలకు పెంచి చర్య పూర్తి చేస్తారు. సిల్లిమనైట్‌కూ ఇలాంటి గుణమే ఉంది. సుమారు 1,500 డిగ్రీలు దాటాక అది ముల్లైట్‌గానూ, కొంత సిలికాగానూ విడిపోతుంది. ఆ సిలికాను పట్టుకోవడానికి అల్యూమినా కలిపితే అదీ ముల్లైట్ అవుతుంది.

ముల్లైట్ వేడికి పెద్దగా వ్యాకోచించదు. అందువల్ల ఒక్కసారిగా వేడెక్కినా, చల్లారినా పగలకుండా ఓర్చుకుంటుంది. కరిగిన ఉక్కు పారే దారిలో పెట్టే పలకలకు, నాజిళ్లకు జిర్కోనియా ముల్లైట్‌ను కలపడానికి కారణం ఇదే.

పగులును ఆపేది ఏమిటి?

గట్టిదనం వేరు, పగలకుండా నిలిచే గుణం వేరు. గాజు గట్టిది, కానీ చిన్న గీతతో విరుగుతుంది. పగులును ఎంతవరకు ఓర్చగలదో కొలిచే కొలమానం ఒకటుంది. ఆ కొలమానంలో గాజుకు ఒకటి లోపు, అల్యూమినాకు మూడు నాలుగు, మంచి జిర్కోనియాకు ఆరు నుంచి పది వస్తుంది. మామూలు ఉక్కుకు యాభై, అంతకు మించి ఉంటుంది.

జిర్కోనియా ఎందుకు మెరుగ్గా ఉంది? అది వేడిని బట్టి తన లోపలి అమరికను మార్చుకుంటుంది. చల్లారుతూ వెయ్యి డిగ్రీలకు అటూ ఇటూ వచ్చినప్పుడు అది కొత్త అమరికలోకి మారి, నాలుగైదు శాతం ఉబ్బుతుంది. రేణువు చాలా చిన్నదై, చుట్టూ గట్టి పదార్థం బిగించి పట్టుకుంటే మాత్రం మారలేక పాత అమరికలోనే ఉండిపోతుంది. తరువాత ఎప్పుడో పలకలో పగులు బయలుదేరి ఆ రేణువు దగ్గరికి వస్తుంది. అక్కడ బిగింపు సడలుతుంది. రేణువు ఒక్కసారిగా ఉబ్బి పగులు నోటిని రెండు వైపుల నుంచీ నొక్కేస్తుంది. పగులు ఆగుతుంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1975లో ‘నేచర్’ పత్రికలో ఈ గుణాన్ని వివరించారు. సెరామిక్‌ను ఉక్కుతో పోల్చడం అప్పటి నుంచే మొదలైంది.

ఇందులో రేణువు పరిమాణమే కీలకం. సుమారు ఒక మైక్రాన్ దాటితే బిగింపు చాలదు. చల్లారేటప్పుడే ఉబ్బిపోతుంది. అప్పుడు చుట్టూ సన్నటి నెర్రలు పడతాయి. అవి కొంతవరకు పగులును పక్కదారి పట్టిస్తాయి గానీ, బలాన్ని తగ్గిస్తాయి. కొలిమిలో ఎక్కువసేపు ఉంచితే రేణువులు పెరుగుతాయని ఇంతకుముందే చూశాం. కాబట్టి తక్కువ సమయంలో సందులు మూయడం ఎలా అన్న ప్రశ్న వస్తుంది.

తొందరగా అతికించే దారి

మొదటి జవాబు ఒత్తిడి. వేడితోపాటు నొక్కితే రేణువులు త్వరగా దగ్గరవుతాయి. రెండో జవాబు కరెంటు. గ్రాఫైట్ అచ్చులో పొడి పోసి, నొక్కుతూ, అచ్చు గుండా విద్యుత్తును తెరలు తెరలుగా పంపుతారు. కొలిమి గోడలను వేడిచేసే పని లేదు. అచ్చే వేడెక్కుతుంది. నిమిషానికి వంద డిగ్రీలు, అంతకు మించి కూడా ఎక్కుతుంది. కొలిమిలో గంటలు పట్టేది కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. దీన్ని స్పార్క్ ప్లాస్మా సింటరింగ్ అంటారు. హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ అనే పరిశోధనా కేంద్రంలో ఈ యంత్రం ఉంది.

బోరాన్ కార్బైడ్ లాంటి వాటికి ఒత్తిడి బాగా అక్కరకొస్తుంది. అది వజ్రం వంటి కొద్ది పదార్థాలకు మాత్రమే తీసిపోయే గట్టిది. బరువు మాత్రం ఉక్కులో మూడో వంతే. దానిలోని అణువుల బంధాలు బలమైనవి. అందుకే అవి ఒక పట్టాన కదలవు. 2,000 డిగ్రీలు దాటినా వేడి ఒక్కటే సందులు మూయడం కష్టం. భాభా అణు పరిశోధనా కేంద్రం సాంకేతికతతో హైదరాబాద్ మిధాని సంస్థ తయారుచేసే ‘భాభా కవచ్’ తూటా నిరోధక కవచంలో బోరాన్ కార్బైడ్ వాడతారు. గట్టి పలక తూటా కొసను చిదిమేస్తుంది. వెనకున్న పీచు పొర ముక్కలను ఆపుతుంది.

ఈ యంత్రాలకూ హద్దు ఉంది. గ్రాఫైట్ అచ్చులో ఒకసారికి పట్టేది తక్కువ. బిళ్లలు, పలకల వంటి సాదా ఆకారాలే సులువు. అందువల్ల ఖరీదు పెరుగుతుంది.

దెబ్బతో అతికించడం

ఇంకా తొందరగా చేయాలంటే? పొడిని లోహపు గొట్టంలో బిగించి, చుట్టూ పేలుడు పదార్థం పేల్చితే షాక్ తరంగం (ధ్వని కంటే వేగంగా దూసుకుపోయే ఒత్తిడి కెరటం) పొడి గుండా పోతుంది. ఒత్తిడి వాతావరణ పీడనానికి లక్షల రెట్లు చేరవచ్చు. అంతా సెకనులో పది లక్షల వంతుల లెక్కలో ముగుస్తుంది.

ఇక్కడ జరిగేది కొలిమిలో జరిగేదానికి భిన్నం. అణువులు మెల్లగా జరిగి వంతెన కట్టే సమయం లేదు. రేణువులు ఒకదాన్నొకటి రాసుకుంటూ, ఢీకొంటూ దగ్గరికి చేరతాయి. రాపిడి వేడి అంతా పైపొరలోనే పుడుతుంది. పైపొర క్షణకాలం కరుగుతుంది. లోపల చల్లగానే ఉంటుంది. ఆ చల్లదనమే కరిగిన పొరను వెంటనే గడ్డకట్టిస్తుంది. అతుకు పడుతుంది, రేణువు పెరగదు.

వినడానికి ఇదే సరైన దారి అనిపిస్తుంది. చిక్కు దెబ్బ తరువాత వస్తుంది. నొక్కిన తరంగం వెళ్లిపోగానే, వెనకాలే వదులు చేసే తరంగం వస్తుంది. అది పదార్థాన్ని లాగుతుంది. లోహం ఆ లాగుడుకు సాగి ఊరుకుంటుంది. సెరామిక్ సాగదు, పగులుతుంది. గొట్టం నడిమధ్య తరంగాలు అన్ని వైపుల నుంచీ వచ్చి ఒకేచోట కలిస్తే అక్కడ వేడి మితిమీరి రంధ్రం పడవచ్చు. అందుకే షాక్‌తో చేసిన పెద్ద సెరామిక్ దిమ్మెల్లో పగుళ్లు లేకుండా రావడం అరుదు.

దీనికి మూడు రకాల సవరణలు చేశారు. పొడిని ముందే వేడిచేసి పేలిస్తే అది కొంత మెత్తబడి, పగుళ్లు తగ్గుతాయి. టైటానియం, కార్బన్ లాంటి పొడులు కలిపితే అవి దెబ్బకు అంటుకుని, చర్య జరిపి, తమ వేడిని తామే ఇస్తాయి. మూడోది ఇంకా తెలివైనది. షాక్‌ను అతికించడానికి కాక, పొడిని సిద్ధం చేయడానికి వాడతారు. దెబ్బ తిన్న రేణువుల లోపల అణువుల వరుసలు చెదిరిపోతాయి. చెదిరిన చోట అణువులు సులువుగా కదులుతాయి. ఆ పొడిని తరువాత మామూలు కొలిమిలో పెడితే సందులు తొందరగా మూసుకుంటాయి.

షాక్ నిజంగా గెలిచింది పొడుల తయారీలో. గ్రాఫైట్‌ను షాక్‌తో వజ్రంగా మార్చవచ్చని 1961లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. తరువాత ఆ వజ్రపు పొడి సానపట్టే పనికి వ్యాపారంలోకి వచ్చింది. పొడిలో పగులున్నా నష్టం లేదు. పలకలో ఉంటే నష్టం.

ఇప్పుడు ఈ తీరానికి ఏమిటి?

2023లో కేంద్ర ప్రభుత్వం 30 కీలక ఖనిజాల జాబితా ప్రకటించింది. అందులో జిర్కోనియం, టైటానియం, అరుదైన మృత్తికా మూలకాలు ఉన్నాయి. మూడూ ఈ తీరపు ఇసుకలో ఉన్నవే. ఇసుకను అమ్మడం ఒక మెట్టు. అతుకు వేసిన వస్తువును అమ్మడం చాలా పై మెట్టు. ఆ మెట్లు ఎక్కవచ్చని అదే సంవత్సరం విశాఖపట్నం దగ్గర చూశాం. ఐఆర్‌ఈఎల్ అక్కడ ఏడాదికి 3,000 కిలోల సమేరియం కోబాల్ట్ అయస్కాంతాలు చేసే కర్మాగారాన్ని ప్రారంభించింది. ఆ అయస్కాంతాలూ పొడిని నొక్కి, సింటరింగ్ చేసినవే.

సెరామిక్‌ల విషయంలోనూ కావలసినవి దగ్గర్లోనే ఉన్నాయి. జిర్కాన్, సిల్లిమనైట్ ఛత్రపురంలో ఉన్నాయి. అల్యూమినాను కొరాపుట్ జిల్లా దామన్‌జోడిలో నాల్కో చేస్తుంది. రౌర్కెలా ఎన్ఐటీలో సెరామిక్ ఇంజినీరింగ్ చదువు ఉంది. భువనేశ్వర్‌లోని ఖనిజ పరిశోధనా సంస్థ ప్లాస్మా కొలిమిలో జిర్కాన్‌ను విడగొట్టే పద్ధతుల మీద పనిచేసింది. కొనేవాళ్లూ దూరం కాదు. విశాఖ, రౌర్కెలా ఉక్కు కర్మాగారాలకు వేడి తట్టుకునే పలకలు నిత్యం కావాలి.

ఈ పరిస్థితిలో పనికొచ్చే దారి రియాక్షన్ సింటరింగే. దానికి 1,600 డిగ్రీల కొలిమి చాలు. కవచం లాంటి చిన్న, ఖరీదైన భాగాలకు ఒత్తిడి, కరెంటు పద్ధతులు నప్పుతాయి. పేలుడు పద్ధతికి ప్రత్యేక స్థలం, అనుమతులు, కాపలా కావాలి. అది ఊళ్ల మధ్య చేసే పని కాదు. దాని స్థానం కొన్ని ప్రత్యేకమైన పొడుల తయారీలోనే.

జాగ్రత్తలు కూడా తయారీ తీరును బట్టే వస్తాయి. మైక్రాన్ పొడి గాలిలో లేస్తే ఊపిరితిత్తుల లోతుకు వెళుతుంది. జిర్కాన్‌లో యురేనియం, థోరియం జాడలుంటాయి. అదే ఇసుకలోని మోనజైట్ అనే ఖనిజంలో థోరియం ఇంకా ఎక్కువ. కాబట్టి నూరే గదిలో దుమ్మును పట్టే ఏర్పాటు, కార్మికుల తనిఖీ కొలిమి అంత ముఖ్యం. తవ్వకం విషయానికొస్తే, ఋషికుల్య ముఖద్వారం ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెట్టే తీరం. ఇసుక అక్కడి నుంచి ఎంత తీయవచ్చన్నది సెరామిక్ లెక్కలతో తేలదు. పర్యావరణ లెక్కలతో తేలాలి.

చివరగా సెరామిక్‌కు ఉన్న ఒక గుణం గుర్తుంచుకోవాలి. దాని బలం సగటును బట్టి ఉండదు. అందులోని అతి పెద్ద లోపాన్ని బట్టి ఉంటుంది. ఒకే రోజు, ఒకే కొలిమిలో కాల్చిన పలకలు కూడా వేర్వేరు బలంతో రావచ్చు. కాబట్టి ఈ తీరంలో సెరామిక్ కర్మాగారం వస్తోందని ఎవరైనా చెబితే మూడు సంగతులు అడగాలి. కాల్చిన తరువాత సందులు ఎంత శాతం మిగిలాయి? రేణువు ఎంత పరిమాణంలో నిలిచింది? వంద పలకలు విరిచి చూస్తే బలంలో తేడా ఎంత వచ్చింది? ఈ మూడింటికీ అంకెల్లో జవాబు చెప్పగలిగితేనే ఛత్రపురం ఇసుక ఉక్కు కర్మాగారం పెట్టే పరీక్షకు నిలిచే పలకగా మారుతుంది.